త్రీడీ చూస్తే తల ఎందుకు నొస్తది?

త్రీడీ సినిమా చూసి బయటికొచ్చినంక తల బరువెక్కిందా? అది మీ బలహీనత కాదు తమ్మీ, లోపల మెదడు ఒక పేచీ తీర్చుకుంట కూసున్నది.

మన కండ్ల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంటది. అందుకే ఒక్కో కంట్ల బొమ్మ కొంచెం తేడాగ పడ్తది. బొటనవేలు ముందు పెట్టి, ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసి చూడుర్రి, వేలు జరిగినట్టుంటది. ఆ తేడాతోనే మెదడు లోతును పసిగడ్తది. 1838ల చార్లెస్ వీట్‌స్టోన్ రెండు చదును బొమ్మల్తోని ఇదే చూపించిండు. ఇప్పటి త్రీడీ తెర, వీఆర్ హెడ్‌సెట్ కిటుకు గదే.

పొలంల ఎద్దు దగ్గరకొస్తే కండ్లు రెండూ లోపలికి తిరుగుతయి, కంటి కటకం గూడ అదే దూరానికి సర్దుకుంటది. జోడెడ్ల లెక్క కలిసి నడుస్తయి. త్రీడీల ఎద్దు మీదికి దూకితే కండ్లు దగ్గరకు తిరుగుతయి, కటకం మాత్రం దూరమున్న తెర మీదనే నిలవాలె. 2008ల అమెరికాల బర్క్‌లీ పరిశోధకులు ఈ పేచీతోని కండ్లు అలుస్తయని, రెండు బొమ్మలు ఒక్కటిగ కుదరడానికి ఎక్కువసేపు పడ్తదని తేల్చిన్రు.

మీదికొచ్చే బొమ్మ ధ్యాస గుంజుతది, నిజమే. అలసిన కండ్లతోని ఆ ధ్యాస పాఠం మీద ఎంతసేపు నిలుస్తది? బడికి హెడ్‌సెట్లు తెచ్చేటోళ్లను గిది అడగాలె.

మెల్లకన్ను, మందగించిన కన్ను ఉన్న పిల్లలకైతే ఆ లోతే కనబడకపోవచ్చు. అందరు "వామ్మో" అని వెనక్కి జరిగితే వాళ్లు ఊకె కూసుంటరు. నవ్వకుర్రి, కంటి డాక్టరుకు చూపియ్యిర్రి. చిన్నతనంల అయితే బాగయ్యే ఆస్కారం ఎక్కువ.