పసిబిడ్డతో తొలి విదేశయానం: ముందుగా సరిచూడవలసిన కాగితం

పసిబిడ్డతో విదేశయానమంటే చాలామందికి ముందుగా పాలసీసాలు, డైపర్లు, ఊలు టోపీలు గుర్తుకు వస్తాయి. అవి ప్రయాణానికి రెండు రోజుల ముందు కూడా బజారులో దొరుకుతాయి. అలా దొరకనిది బిడ్డ పేరుమీద ఉండవలసిన కాగితం. తల్లి పాస్‌పోర్ట్‌లో బిడ్డ పేరు చేర్పించి తీసుకువెళ్లే పద్ధతి ఇప్పుడు లేదు. నెలల పసికందుకైనా విడిగా పాస్‌పోర్ట్ ఉండాలి. ఆ పాస్‌పోర్ట్‌కు మూలం జనన ధ్రువపత్రం. 2023 అక్టోబర్ 1న గానీ, ఆ తరువాత గానీ జన్మించిన వారికి పుట్టిన తేదీని నిరూపించే ఆధారం అదొక్కటేనని 2025లో సవరించిన పాస్‌పోర్ట్ నియమాలు చెబుతున్నాయి. బాల ఆధార్, ఆసుపత్రి డిశ్చార్జ్ చీటీ, టీకాల కార్డు దాని స్థానంలో చెల్లవు.

బీదర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం ఆచారం. కాపురం బీదర్‌లో, కాన్పు జహీరాబాద్‌లోనో, నారాయణఖేడ్‌లోనో, సంగారెడ్డిలోనో జరుగుతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ 1956 వరకు బీదర్ జిల్లాలోనివే కనుక పెద్దలకు ఆ ఊళ్లు పరాయివిగా తోచవు. జననాల నమోదుకు మాత్రం అవి మరో రాష్ట్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడి రిజిస్ట్రారే నమోదు చేయాలి. తల్లిదండ్రుల నివాసంతో నిమిత్తం లేదు. తెలంగాణలో పుట్టిన బిడ్డ పత్రం కోసం బీదర్ పురపాలక కార్యాలయానికి వస్తే వెనుదిరగవలసిందే. అక్కడి పురపాలక సంఘాన్నో, గ్రామమైతే పంచాయతీ కార్యదర్శినో, మీసేవ కేంద్రాన్నో ఆశ్రయించాలి. బీదర్‌లోనే పుట్టిన బిడ్డ వివరాలు కర్ణాటక ప్రభుత్వపు ‘ఈ-జన్మ’ వ్యవస్థలో నమోదవుతాయి.

ప్రసవం ఆసుపత్రిలో జరిగితే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో జరిగితే ఇంటిపెద్దది. గడువు 21 రోజులు. ఆ తరువాత 30 రోజుల వరకు ఆలస్య రుసుము చెల్లించాలి. ముప్పై రోజులు దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి లిఖితపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. నమోదు పూర్తయిన ఏడు రోజులలోగా, సమాచారం ఇచ్చినవారికి ఒక ప్రతిని ఉచితంగా ఇవ్వాలని సవరించిన చట్టం ఆదేశిస్తోంది. ఈ మొదటి ప్రతికి దళారికి డబ్బు ముట్టజెప్పవలసిన పని లేదు.

ఇరవై ఒకటి అనే అంకెలో మరో విశేషం ఉంది. చాలా ఇళ్లలో బారసాల జరిగేది కూడా ఇరవై ఒకటో రోజునే. అందువల్ల నమోదు నాటికి బిడ్డకు పేరు స్థిరపడదు. పేరు గడి ఖాళీగా ఉన్న పత్రమే ఇంటికి చేరుతుంది. దానిని బీరువాలో భద్రపరచి, ప్రయాణం తలపెట్టినప్పుడు తీస్తారు. పేరు లేని జనన పత్రంతో పాస్‌పోర్ట్ దరఖాస్తు ముందుకు సాగదు. నమోదు జరిగిన పన్నెండు నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాత పదిహేనేళ్ల వరకు రుసుముతో వీలుంటుంది. బారసాల అయిన మరుసటి వారంలోనే ఈ పని ముగించుకోవడం మేలు.

పేరు చేర్చేటప్పుడు అందరి చూపూ తెలుగు లేదా కన్నడ అక్షరాల మీదనే నిలుస్తుంది. విమానాశ్రయంలో చదివేది ఆంగ్ల పంక్తిని. తకారానికి ‘టి’ ఒక్కటే రాయాలా, ‘టి హెచ్’ రాయాలా? లక్ష్మి పేరులో ‘కె ఎస్ హెచ్’ రావాలా, ‘ఎక్స్’ రావాలా? శ్రీకారానికి చివర ‘ఐ’ ఒకటా, ‘ఇ’లు రెండా? వీటిలో ఏదీ తప్పు కాదు. జనన పత్రంలో ఒకటి, పాస్‌పోర్ట్‌లో ఒకటి, టికెట్టులో ఇంకొకటి ఉండడమే ముప్పు. తల్లిదండ్రుల పేర్లు కూడా వారి పాస్‌పోర్ట్‌లలో ఉన్నట్లే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. కనుక ఆసుపత్రి సిబ్బంది పత్రం నింపే సమయంలో నోటితో చెప్పి ఊరుకోక, పేర్లను కాగితంపై ఆంగ్లంలో రాసి ఇవ్వాలి.

ఇంటిపేరు సంగతి ఇంకా సున్నితమైనది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, తరచు ఒక పొడి అక్షరానికి కుదించుకుపోతుంది. బీదర్ ప్రాంతంలో బిడ్డ పేరు వెనుక తండ్రి పేరు చేర్చే అలవాటు ఉంది. ఈ రెండు పద్ధతుల నడుమ కొందరు ఇంటిపేరు గడినే ఖాళీగా వదిలేస్తారు. దాని పర్యవసానం 2022 నవంబరులో కనిపించింది. పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉండి ఇంటిపేరు లేనివారిని సందర్శక వీసాలపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. పాస్‌పోర్ట్ రెండో పుటలో తండ్రి పేరో, కుటుంబనామమో ఉంటే చాలునని తరువాత సడలించింది. దుబాయ్‌లోని బంధువుల ఇంటికి బిడ్డను తీసుకువెళ్లాలనుకునే కుటుంబాలు మొదటి నుంచీ రెండు గడులూ నింపడం క్షేమం. పత్రంలో దొర్లిన పొరపాట్లను తగిన ఆధారాలు చూపితే సరిదిద్దే అధికారం చట్టంలోని 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారుకు ఉంది. అయితే ఆ దిద్దుబాటు కూడా నమోదు జరిగిన ఊళ్లోనే చేయించుకోవాలి. బీదర్‌లో ఉద్యోగం చేసుకునేవారికి అది ఒకటికి రెండు రోజుల సెలవు.

జనన పత్రం సరిగా ఉంటే తక్కినది సులువే. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో బిడ్డ పేరున దరఖాస్తు నింపాలి. కర్ణాటక అంతటికీ ప్రాంతీయ కార్యాలయం బెంగళూరులో ఉన్నా, దగ్గరలోని సేవాకేంద్రాన్ని ఎంచుకోవచ్చు. ‘పుట్టిన స్థలం’ అన్నచోట సొంత ఊరు కాక, జనన పత్రంలో ఉన్న ఊరే రాయాలి. సాధారణ రుసుము వెయ్యి రూపాయలు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పది శాతం తగ్గింపు. నాలుగేళ్లలోపు పిల్లల ఫోటోను తల్లిదండ్రులే తీసుకువెళ్లాలి: తెల్లని నేపథ్యం, 4.5 × 3.5 సెంటీమీటర్లు. ఇద్దరి పాస్‌పోర్ట్‌లు వెంట ఉండాలి. పాస్‌పోర్ట్ అయిదేళ్లు చెల్లుతుంది.

తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయవలసిన సమ్మతి పత్రాన్ని అనుబంధం ‘డి’ అంటారు. తండ్రి గల్ఫ్ దేశంలో పనిచేస్తున్న ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. ఆయన సంతకాన్ని మరొకరు చేయరాదు. అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం పంపాలి. దీనికి పట్టే కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. తల్లి ఒక్కతే బిడ్డతో ప్రయాణించేటప్పుడు తండ్రి సమ్మతి లేఖను నోటరీ చేయించి దగ్గర ఉంచుకోవడం మంచిది. కొన్ని దేశాల అధికారులు అడుగుతారు. అద్దె ఇళ్లలో ఉండేవారు చిరునామా సంగతి కూడా చూసుకోవాలి. ఇద్దరి ఆధార్‌లలోనూ సొంత గ్రామమే ఉండి, దరఖాస్తులో బీదర్ చిరునామా రాస్తే కుదరదు. టికెట్ కొనడం వీటన్నిటి తరువాతి మాట. తక్కువ ధరకు వచ్చిందని ముందుగా కొన్న టికెట్టు చివరకు ఎక్కువ ఖర్చును తెచ్చిపెడుతుంది.

ఇంత సిద్ధం చేసే వ్యవధి లేనివారికి నేపాల్, భూటాన్ ఉన్నాయి. అక్కడికి భారతీయులకు వీసా అక్కరలేదు. తల్లిదండ్రులకు పాస్‌పోర్ట్ లేదా ఓటరు గుర్తింపు కార్డు చాలు. నేపాల్ వెళ్లే పదిహేనేళ్లలోపు పిల్లలకు ఆధార్ చెల్లుతుంది. అయిదేళ్లలోపు బిడ్డకు వేలిముద్రలు లేకుండానే నీలిరంగు బాల ఆధార్ ఇస్తారు. భూటాన్‌లో తల్లిదండ్రుల వెంట వచ్చే పిల్లలకు జనన పత్రం అడుగుతారు. అక్కడ కూడా, చూశారా, ఆ పత్రమే.

ఆరోగ్యం విషయానికి వస్తే, ప్రయాణానికి నెల రోజుల ముందే పిల్లల వైద్యుడికి చూపించాలి. తట్టు, రూబెల్లా టీకా మన జాతీయ పట్టికలో తొమ్మిది నెలలు నిండాక వస్తుంది. అంతకన్నా చిన్న బిడ్డను తట్టు వ్యాపిస్తున్న దేశానికి తీసుకువెళ్లవచ్చునా, ముందుగా ఒక మోతాదు వేయించాలా అన్నది వైద్యుడే చెప్పాలి. జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, వాటి చీటీతో సహా చేతిసంచీలోనే ఉండాలి. దారిలో నిద్రపోతుందని జలుబు మందు పట్టించడం కొందరిలో ఉన్న అలవాటు. వైద్యుడు చెప్పకుండా ఆ పని ఎన్నడూ చేయరాదు.

బీదర్ వారికి దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం శంషాబాద్. జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. పటాన్‌చెరు దగ్గర బాహ్యవలయ రహదారి ఎక్కితే నగర రద్దీ తప్పుతుంది. బిడ్డకు పాలు పట్టడానికి దారిలో రెండుసార్లు ఆగవలసి వస్తుందని తలచి, అంత సమయం ముందుగా బయలుదేరాలి. భద్రతా తనిఖీలో ద్రవాలకు వంద మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా, ప్రయాణానికి సరిపడే బిడ్డ పాలకు, ఆహారానికి మినహాయింపు ఉంది. అడిగినప్పుడు తీసి చూపించాలి. రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే ఆ దారికి విడిగా సీటు కొనాలి. దూర ప్రయాణాలలో ముందు వరుస గోడకు అమర్చే చిన్న ఊయల ఉంటుంది. దానికి బరువు పరిమితి ఉంది, సంఖ్య కూడా పరిమితమే కనుక టికెట్ కొన్న రోజే విమాన సంస్థను అడగాలి. విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పాలు తాగిస్తే, గుటక వేయడం వల్ల చెవులలో ఒత్తిడి సర్దుకుని బిడ్డ ఏడుపు తగ్గుతుంది. దిగడం మొదలైనట్లు ప్రకటన వచ్చేసరికి నిద్రలో ఉన్నా మెల్లగా లేపి పట్టించవచ్చు.