దూరపు డిస్కు: జననము, వ్యాధులు, చికిత్స

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడి, గంజాం జిల్లాలోని అధికభాగము అందు చేరువరకు, ఈ ప్రాంతపు పరిపాలన యంతయు చెన్నపట్నమునుండియే సాగుచుండెను. అందుచేత గంజాం తొలి కలెక్టరుల నాటి జాబులు, జమాబందీ లెక్కలు, జమీందారులతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు చెన్నపట్నపు ప్రాచీనపత్రాగారమున భద్రపరుపబడినవి; బరంపురమున కూర్చుండి ఈ జిల్లా పూర్వచరిత్రను వ్రాయదలచిన పరిశోధకుడు వానికొరకు దక్షిణమునకు ప్రయాణము కట్టవలసివచ్చెడిది. పత్రమొకచోట, దానిని వాడువాడు మరొకచోట ఉండుట నాటి పరిపాలనకు తప్పని చిక్కు. అట్టి ఎడబాటునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు కోరి తెచ్చుకొనిరి. లెక్కలు చేయు యంత్రమునుండి సమాచారము దాచు డిస్కును వేరుచేసి, రెంటినడుమ ఒక తీగను మాత్రము మిగిల్చి, ఆ తీగ యున్నదన్న స్పృహయే వాడుకరికి కలుగనీయకుండుట నెట్‌వర్క్ స్టోరేజి విద్య యొక్క సారము. అది ఎట్లు పుట్టినదో, వర్చువలైజేషన్ సర్వర్లకు ఎట్లు ప్రాణాధారమైనదో, ఏల తరచుగా మొరాయించునో తెలిసికొనిననే గాని దాని చికిత్స బోధపడదు.

ఈ కథకు తొలి పాత్ర డిస్కు. 1956లో ఐబీఎమ్ సంస్థ రామాక్ అను కంప్యూటరుతోపాటు విపణికి తెచ్చిన ప్రథమ డిస్కుయంత్రమునందు 24 అంగుళముల వ్యాసముగల పళ్ళెములు 50 ఒకే ఇరుసుపై గిరగిర తిరుగుచుండెడివి. అంతటి సంరంభమునకును అందు పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అది సరిపోయిన సరిపోవును. నానాటికి డిస్కు ఆకారము కుంచించుకొనిపోయి ధారణశక్తి పెరిగినను, అది తన కంప్యూటరును అంటిపెట్టుకొని యుండుట మాత్రము చిరకాలము మారలేదు. 1986లో ప్రమాణముగా వెలువడిన స్కజీ పద్ధతియు డిస్కునకును కంప్యూటరునకును నడుమ కొద్ది మీటర్ల కేబులును మాత్రమే సహించెను. కంప్యూటరు చెడిన దినమున, డిస్కులోని సమాచారము చెక్కుచెదరకున్నను, ఎవరికిని అందరానిదయ్యెడిది.

రెండవ పాత్ర వర్చువల్ యంత్రము. ఒక పెద్ద కంప్యూటరు యొక్క కాలమును, జ్ఞాపకమును పాళ్ళుగా పంచి, ప్రతి పాలును తానే సంపూర్ణమైన కంప్యూటరుగా ప్రవర్తించునట్లు చేయు ఈ ఇంద్రజాలము 1967లో, మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జి నగరమునందలి ఐబీఎమ్ కార్యస్థానమున, సీపీ-40 అను పేర నిత్యోపయోగమునకు వచ్చెను. ఒక్క యంత్రముపై ఏకకాలమున 14 యంత్రములవరకు నడిచెడివి. 1972లో ఇదియే వీఎమ్/370గా లోకమునకు విక్రయింపబడెను. పిమ్మట చిన్న కంప్యూటర్లు చవుకయై, ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రమును కొనుట సులభమైనందున, ఈ విద్య కొంతకాలము మరుగుపడెను. తుదకు కార్యాలయములు సగము నిద్రించు సర్వర్లతో నిండిపోగా, 1998లో స్థాపితమైన వీఎమ్‌వేర్ సంస్థ దానిని మరల మేల్కొలిపి, 2001లో ఈఎస్‌ఎక్స్ అను సర్వరు ఉత్పత్తిని వెలువరించెను. 2007లో వర్చువల్ యంత్రములను నడుపు కేవీఎమ్ అను భాగము లినక్స్ అను నిర్వహణవ్యవస్థకు అంతర్భాగమైనది. 2008లో దానిపై ఆధారపడిన ప్రాక్స్‌మాక్స్ ఆస్ట్రియా దేశమునుండి వెలువడి, స్వల్పధనముగల సంస్థలకు సయితము ఈ ఐశ్వర్యమును అందించెను.

మూడవ పాత్ర తీగ. 1973లో జెరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ ఈథర్‌నెట్‌ను రూపొందింపగా, ఒక ప్రాంగణములోని కంప్యూటర్లు పరస్పరము సంభాషింపజొచ్చెను. 1982లో వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టోల్‌షైమ్, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ అనువారు నెలకొల్పిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, డిస్కుల వెల మిక్కుటముగానున్న ఆ దినములలో, అనేక కంప్యూటర్లు ఒకే సర్వరునందలి ఫైళ్ళను తమ సొంత ఫైళ్ళవలె వాడుకొను ఉపాయమును 1984లో కల్పించెను. ఎన్‌ఎఫ్‌ఎస్ అని ప్రసిద్ధికెక్కినది ఇదియే. 1985లో రసెల్ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు ప్రకటించిన పత్రమునందు దీని నిర్మాణరహస్యము విశదముగా కలదు. సర్వరు తన కక్షిదారులైన కంప్యూటర్లనుగూర్చి ఏమియు గుర్తుంచుకొనదు. ప్రతి విన్నపమును తనలో తాను సంపూర్ణమై యుండును. కనుక సర్వరు హఠాత్తుగా ఆగి మరల లేచినను, కక్షిదారు కంప్యూటరు తన విన్నపమును మరల మరల పంపుచు, జవాబు వచ్చిన క్షణమున ఏమియు జరుగనట్లే ముందునకు సాగును. ఆ తరువాత 2000లో వచ్చిన నాలుగవ రూపాంతరము ఈ విస్మృతివ్రతమును సడలించి కొంత జ్ఞాపకముంచుకొనుట నేర్చినను, ఓరిమితో ఎదురుచూచుట అను మూలస్వభావము మాత్రము అట్లే నిలిచినది.

ఫైళ్ళను అరువిచ్చుట ఒక మార్గము; డిస్కునే యథాతథముగా తీగపై అరువిచ్చుట మరియొక మార్గము. స్కజీ ఆజ్ఞలను సామాన్యమైన ఇంటర్నెట్ పొట్లములలో చుట్టి పంపు ఐస్కజీ పద్ధతికి 2004 ఏప్రిల్‌లో ప్రమాణపత్రము వెలువడెను. కొద్ది మీటర్ల కేబులును దాటలేని డిస్కు దీనితో వీథులను, ఊళ్ళను దాటగలిగెను. అంతకు మునుపే, నడుచుచున్న వర్చువల్ యంత్రమును ఆపకయే ఒక సర్వరునుండి మరియొక సర్వరునకు తరలించు వీమోషన్ విద్య 2003లో వెలసెను. తరలవలసిన యంత్రము యొక్క డిస్కు ఉభయ సర్వర్లకును అందుబాటులోనుండుట ఆ విద్యకు నాడు అత్యావశ్యకము. ఇట్లు డిస్కు, వర్చువల్ యంత్రము, తీగ అను మూడు పాత్రలును ఒక్క రంగస్థలమునకు చేరి, నెట్‌వర్క్ స్టోరేజి వర్చువలైజేషన్‌కు వెన్నెముక యయ్యెను. ఆ లాభముతోపాటు ఒక అపాయమును సంక్రమించెను: పూర్వము ఒక డిస్కు చెడిన ఒక కంప్యూటరు ఆగెడిది, ఇప్పుడు ఒక తీగ వదులైన ఇరువది యంత్రములు ఒక్కసారి నిశ్చేష్టములగును.

ఈ నిశ్చేష్టతయే మన వ్యాసమునకు ముఖ్యవిషయము. సర్వరునుండి జవాబు రానంతకాలము, హార్డ్ మౌంట్ (పట్టువిడువని జోడింపు) పద్ధతిన స్టోరేజిని జోడించుకొనిన ఎన్‌ఎఫ్‌ఎస్ కక్షిదారు తన పట్టు విడువడు. లినక్స్ నందు సాధారణముగా ఒక్కొక్క విన్నపమునకు 60 సెకనులు వేచి, మరల పంపుచు, ‘నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అని లాగ్‌నందు ఒక వాక్యము వ్రాసి, అనంతముగా ఎదురుచూచును. ఆ ఫైలును తాకిన ప్రతి పనియు దానివెనుక వరుసకట్టును. ప్రాసెసరు ఖాళీగానున్నను లోడ్ సంఖ్య మాత్రము పెరుగుచుండును, ఏలయన డిస్కుకొరకు వేచియున్న పనులనుకూడ లినక్స్ ఆ సంఖ్యలో చేర్చును. ప్రాక్స్‌మాక్స్ నిర్వాహకుని తెరపై స్టోరేజి పేరుప్రక్క ప్రశ్నార్థకచిహ్నము మొలచును. చూచువారికి సర్వరు చచ్చినట్లు తోచును. యథార్థమునకు అది జీవించియే యున్నది, మాట యిచ్చినవానికొరకు కాచుకొని యున్నది. శాండ్‌బర్గ్ ప్రభృతులు గుణముగా కల్పించిన ఓరిమియే ఇచట రోగలక్షణముగా కనబడుచున్నది. ఈ సూక్ష్మమును గ్రహింపనివాడు వెంటనే మీట నొక్కి యంత్రమును పునఃప్రారంభించును. వ్రాయబడుచున్న సమాచారము సగములో తెగిపోవును. ఉన్న రోగమునకు లేని రోగము తోడగును.

సొరడ, భంజనగర్ జలాశయములనుండి ఋషికుల్య కాలువలద్వారా పొలమునకు నీరందుకొను గంజాం రైతు, శివారు మడికి నీరు రానప్పుడు మడిని త్రవ్వి చూడడు. పిల్లకాలువ, పెద్దకాలువ, తూము, జలాశయము అను వరుసను ఒక్కొక్కటిగా పరీక్షించుచు, నీరు ఎచటివరకు వచ్చినదో, ఎచటనుండి రాలేదో కనుగొనును. నెట్‌వర్క్ స్టోరేజికిని ఇదియే న్యాయము. దోషము కనబడు చోటు వేరు, దోషము వసించు చోటు వేరు. నడుమనున్న మెట్లను క్రిందినుండి పైకి వరుసగా ఎక్కుటయే మార్గము.

మొదటిమెట్టు భౌతికమైనది. కేబులు రెండు కొసలయందును దీపములు వెలుగుచున్నవా, స్విచ్ నందలి ఆ పోర్టు లెక్కలో తప్పుడు పొట్లముల సంఖ్య పెరుగుచున్నదా, ఎవరైన కేబులును తీసి వేరొక పోర్టున గుచ్చుటచేత అది వేరొక వీల్యాన్‌లో, అనగా స్విచ్ నందలి వేరొక విభాగమున, పడినదా అని చూడవలెను. సముద్రతీరమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననే యున్న బరంపురమువంటి ఊళ్ళలో ఉప్పుగాలికి లోహపు కొసలు తుప్పుపట్టుటయు మరువరానిది.

రెండవమెట్టు పిలుపు. పింగ్ ఆజ్ఞకు జవాబు వచ్చినంతమాత్రమున తీగ ఆరోగ్యముగా నున్నదని నమ్మరాదు. ఈథర్‌నెట్ పొట్లము సాధారణముగా 1500 బైట్ల సరుకును మోయును. స్టోరేజి వేగముకొరకు నిర్వాహకులు దానిని 9000కు పెంచుట కలదు. సర్వరునందును, స్టోరేజియందును పెంచి, నడుమనున్న స్విచ్ నందు మరచినయెడల ఒక విచిత్రము జరుగును: చిన్న పలకరింపులన్నియు నిరాటంకముగా పోవుచుండును, స్టోరేజి జోడింపబడినట్లే కనబడును, కాని పెద్ద ఫైలు కదలిన తక్షణమే అంతయు స్తంభించును. దీనిని పట్టుకొనుటకు, ముక్కలు చేయరాదన్న నియమముతో 8972 బైట్ల పింగ్ పంపవలెను. దానికి 20 బైట్ల ఐపీ శీర్షికయు, 8 బైట్ల ఐసీఎంపీ శీర్షికయు చేరి సరిగా 9000 అగును. చిన్నది పోయి పెద్దది పోకున్నచో దొంగ దొరికినట్లే.

మూడవమెట్టు ద్వారము. ఎన్‌ఎఫ్‌ఎస్ 2049వ పోర్టుననుండును. ఐస్కజీ 3260వ పోర్టున, విండోస్ ఫైళ్ళ పంపకమునకు వాడు ఎస్‌ఎంబీ 445వ పోర్టున వేచియుండును. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడవ రూపాంతరమునకు 111వ పోర్టున ఒక దారిచూపరియు, అతడు చూపు మరికొన్ని పోర్టులును కావలసియుండగా, నాలుగవ రూపాంతరమునకు 2049 ఒక్కటే చాలును. ఫైర్‌వాల్ మార్చిన మరునాడు పాత యంత్రములు ఆగిపోయి క్రొత్తవి నడుచుచున్నచో ఈ భేదమునే ముందుగా అనుమానింపవలెను.

నాలుగవమెట్టు అధికారము. సర్వరు ఐపీ చిరునామా మారి, స్టోరేజి యొక్క అనుమతిపట్టికలో పాత చిరునామాయే మిగిలియుండవచ్చును. అనుమతి యున్నను, రూట్ స్క్వాష్ అను కట్టుబాటుచేత సర్వాధికారి సయితము అనామకునిగా పరిగణింపబడి, చదువగలిగియు వ్రాయలేకపోవచ్చును. ఐస్కజీయందు సర్వరు నామము, రహస్యపదము రెండును అక్షరము తప్పక సరిపోవలెను. ఈ మెట్లన్నియు నిర్దోషములైనప్పుడే స్టోరేజి యంత్రముపై దృష్టి నిలుపవలెను: డిస్కు నిండినదా, చెడిన డిస్కు స్థానమున క్రొత్తది పెట్టగా డిస్కులను జతపరచు రెయిడ్ కూటమి యొక్క పునర్నిర్మాణము సాగుచు వేగము క్షీణించినదా, ఫోల్డరును తొలగించి మరల సృష్టించుటచేత పాత గుర్తు చెల్లక ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అను ఫిర్యాదు పుట్టినదా అని.

ఓరిమిలేని పద్ధతులును కలవు. లినక్స్ ఐస్కజీ సహజముగా 120 సెకనులు వేచి, అప్పటికిని బంధము పునరుద్ధరింపబడనిచో, డిస్కు చెడినదని పైవారికి నివేదించును. అంతట వర్చువల్ యంత్రములోని ఫైలువ్యవస్థ భయపడి తనను తాను చదువుటకు మాత్రమే పరిమితము చేసికొనుట తరచు జరుగును. తీగ బాగుపడినను ఆ యంత్రము తనంతట కోలుకొనదు. దీనికంటెను ఘోరమైన ప్రమాదము తొందరపాటునుండి పుట్టును. స్తంభించిన సర్వరు నిజముగా ఆగినదో లేదో నిర్ధారింపకయే, అందలి యంత్రమును రెండవ సర్వరుపై లేపినచో, తీగ మరల అతికిన క్షణమున ఒకే డిస్కుపై ఇద్దరు వ్రాయసకాండ్రు కూర్చుండి ఒకరి వ్రాతను మరొకరు చెరిపివేయుదురు. అందుచేతనే పెద్ద వ్యవస్థలు అనుమానాస్పదమైన సర్వరుకు ముందుగా విద్యుత్తు ఆపి, ఆ పిమ్మటనే దాని యంత్రములను వేరొకచోట లేపును.

గంజాం వాసులకు ఈ విద్యతో ప్రత్యేకమైన పని కలదు. 1962 నాటి ఎంకేసీజీ వైద్యకళాశాల, 1967లో నెలకొన్న బరంపురం విశ్వవిద్యాలయము, 2016లో వెలసిన ఐసర్ అను విజ్ఞానసంస్థ, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు కేంద్రము మొదలగువానితో బరంపురము నేడు విద్యావైద్యములకు కూడలి. ఇట్టి ఊరిలో సర్వర్లను కాపాడు యువకుల అవసరము ఏటేట పెరుగునదే. మరి ఈ తీరము తుపానుల త్రోవలోనున్నది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినప్పుడు జిల్లాయందు విద్యుత్‌స్తంభములు అసంఖ్యాకముగా కూలి, బరంపురము దినములతరబడి చీకటిలో మునిగెను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసవద్ద తీరమునకు వచ్చి ఈ జిల్లాను మరల కలచివేసెను. ఇట్టి విద్యుద్విరామముల పిదప కరెంటు వచ్చినప్పుడు అన్ని యంత్రములును ఒక్కుమ్మడిగా లేచినచో, స్టోరేజి ఇంకను కన్ను తెరువకముందే సర్వరు దానికొరకు వెదకి, కానక, యంత్రములను లేపలేక నిలిచిపోవును. ముందుగా స్విచ్, పిదప స్టోరేజి, అది సంపూర్ణముగా సిద్ధమైన పిమ్మట సర్వరు, తుదకు వర్చువల్ యంత్రములు అను క్రమమును పాటించినచో ఈ వ్యాధి పుట్టనే పుట్టదు. ఆర్పునప్పుడు ఇదే క్రమము తలక్రిందుగా నడువవలెను.

కావున ఈ వృత్తిలో ప్రవేశింపనున్న యువకులకు నా మనవి యిది. మీ సర్వరునుండి స్టోరేజివరకు గల మార్గమును, అందలి ప్రతి పోర్టును, ప్రతి చిరునామాను కాగితముపై గీసి, విద్యుత్తు లేనప్పుడును చదువుకొనుటకు వీలుగా గోడకు అంటింపుడు. రెండు స్విచ్‌లద్వారా రెండు వేర్వేరు మార్గములు ఏర్పరుపుడు. సమాచారపు ప్రతినొకదానిని తుపాను అందుకొనలేని మరియొక ఊరిలో దాచుడు. దోషము కలిగినప్పుడు లాగ్‌ను చదివిన పిమ్మటనే చేయి చాపుడు. ఒక్కసారికి ఒక్క మార్పును మాత్రమే చేసి, చేసినదానిని వ్రాసిపెట్టుకొనుడు. పునఃప్రారంభము చికిత్సలలో కడపటిది. దానిని మొదటిదిగా వాడువానికి రోగమేదో ఎన్నటికిని తెలియదు, తెలియని రోగము మరల రాక మానదు.