ఆ ముక్కుకి ఎన్ని పేర్లు?

మొన్న హాస్టల్లో సరదాగా పెట్టుకున్న క్విజ్‌లో ఒక ప్రశ్న వచ్చింది: "ఆసియా ప్రధాన భూభాగంలో తూర్పు చివరి చోటు ఏ రేఖాంశం మీద ఉంది?" తూర్పు చివరే కాబట్టి 180కి కొంచెం ఇటుగా ఉంటుందిలే అని, 170 డిగ్రీల తూర్పు అనేశాను. జవాబు 169 డిగ్రీల 39 నిమిషాల పడమర అట! నవ్వినవాళ్లు నవ్వారు. ప్రశ్న వేసినవాడితో కాసేపు గొడవపడ్డాను కూడా. రాత్రి మ్యాప్ తెరిచి చూస్తే వాడు చెప్పిందే నిజం.

సంగతేంటంటే, రష్యాలోని చుకోట్కా ప్రాంతం తూర్పుకి సాగి సాగి 180 డిగ్రీల రేఖని కూడా దాటేసింది. దాటగానే పడమర అంకెలు మొదలవుతాయి, 179, 178 అంటూ తగ్గుతూ వస్తాయి. అలా 169 దగ్గరికి వచ్చేసరికి నేల అయిపోయి, రాతి కొండ నిటారుగా సముద్రంలోకి దిగిపోతుంది. అదే డెజ్నెవ్ అగ్రం. ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణాన ఉంటుంది గానీ చలిలోనూ మంచులోనూ ఆర్కిటిక్కే. ఎదురుగా 85 కిలోమీటర్ల దూరంలో అలాస్కా. మధ్యలో రెండు డయోమీడ్ దీవులు, పెద్దది రష్యాది, చిన్నది అమెరికాది. రెంటికీ మధ్య నీళ్లు నాలుగు కిలోమీటర్లే, కానీ దినరేఖ అక్కడినుంచే పోతుంది కాబట్టి క్యాలెండర్లో తేదీ మారిపోతుంది.

రేఖాంశం గొడవ అక్కడితో తీరిపోయింది. నన్ను పట్టుకున్నది పేరు. ఎవరీ డెజ్నెవ్?

సెమ్యోన్ డెజ్నెవ్ 17వ శతాబ్దపు కొసాక్. సైబీరియాలో జార్ తరఫున బొచ్చు తోళ్లు పన్నుగా వసూలు చేసే ఉద్యోగం. 1648లో కొలిమా నది నుంచి ఏడు చెక్క పడవల్లో దాదాపు 90 మంది బయల్దేరారు. కొత్త భూములు కనిపెడదామని కాదు. అనాడిర్ అనే నది ఉందనీ, అక్కడ తోళ్లూ వాల్‌రస్ దంతాలూ దొరుకుతాయనీ విన్నారు, అంతే. పడవలు ఒక్కొక్కటే పోయాయి. ఒకటి ఆ అగ్రం దగ్గరే పగిలింది. చివరికి డెజ్నెవ్ పడవని తుఫాను అనాడిర్‌కి దక్షిణాన ఒడ్డున పడేసింది. బతికిన 25 మంది మంచులో పది వారాలు నడిచి నది దగ్గరికి చేరారు. ఆ చలికాలం గడిచేసరికి మిగిలింది 12 మంది.

ఆసియా, అమెరికా కలిసి లేవు, మధ్యలో సముద్రం ఉంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆయనకి తను చేసింది ఎంత పెద్ద పనో పట్టినట్టు లేదు. పైవాళ్లకి రాసిన కాగితాల్లో వాల్‌రస్ దంతాల లెక్కలు, ఏళ్ల తరబడి రాని జీతం ఇప్పించమని మొర. వాటి మధ్యలో ఒక "పెద్ద రాతి ముక్కు" గురించి వర్ణన, దాని ఎదుటి దీవుల్లో పెదవులకి ఎముక ముక్కలు గుచ్చుకునే మనుషుల గురించి నాలుగు మాటలు. ఆ ముక్కు అంటే ఈ ఒక్క కొసేనా, మొత్తం చుకోట్కా ద్వీపకల్పమా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటారు. ముక్కు అని నేను పెట్టిన మాట కాదు. ఉత్తర రష్యా నావికులు అగ్రాన్ని "నోస్" అంటారు, అంటే ముక్కే. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న "నాసిక", ఆ "నోస్" ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. ఇది తెలిశాక ఆ కొండ ఎందుకో కాస్త దగ్గరిదనిపించింది.

ఆ కాగితాలు యాకుత్స్క్ ఆఫీసులో మూలన పడ్డాయి. 80 ఏళ్ల తర్వాత, 1728లో, విటస్ బేరింగ్ అదే జలసంధి గుండా వెళ్లాడు. దానికి ఆయన పేరే నిలిచింది. (మెకానికల్ మిత్రులారా, మీ బాల్ బేరింగ్‌కీ ఈయనకీ సంబంధం లేదు.) 1736లో గెర్‌హార్డ్ మ్యూలర్ అనే చరిత్రకారుడు యాకుత్స్క్ దస్తావేజులు తిరగేస్తుంటే డెజ్నెవ్ రాతలు బయటపడ్డాయి. అయినా 1778లో ఇటు వచ్చిన కెప్టెన్ కుక్ తర్వాత ఇంగ్లిష్ మ్యాపుల్లో స్థిరపడిన పేరు "తూర్పు అగ్రం". పడమర రేఖాంశం మీద తూర్పు అగ్రం! 1898లో, ఆ ప్రయాణానికి 250 ఏళ్లు నిండాయని రష్యన్ భౌగోళిక సంఘం అడిగితే, అప్పుడు దానికి డెజ్నెవ్ పేరు పెట్టారు.

ఇక్కడిదాకా చదివి, పాపం జీతం కోసం మొరపెట్టుకున్న ఉద్యోగికి 250 ఏళ్లకి న్యాయం జరిగిందిలే అనుకుని మ్యాప్ మూసేయబోయాను. అప్పుడు ఆ కొండ వాలు మీద ఇంకో పేరు కనిపించింది, నౌకాన్.

అది యూపిక్ జనం ఊరు. వాళ్ల నోట్లో దాని పేరు నువుకాక్. బేరింగ్, కుక్ రాకముందు నుంచీ ఆ తీరంలో తిమింగలాల్నీ వాల్‌రస్‌లనీ వేటాడి బతికినవాళ్లు. డయోమీడ్ దీవుల్లో, అలాస్కా ఒడ్డున చుట్టాలున్నారు, పడవలేసుకుని వెళ్లొచ్చేవాళ్లు. 1948లో సోవియట్, అమెరికా మధ్య ఆ సరిహద్దు మూసేశారు. ఎదురుగా కనిపించే చుట్టాలింటికి వెళ్లడం నేరమైపోయింది.

1956లో ఆ అగ్రం మీద డెజ్నెవ్ విగ్రహంతో ఒక స్మారక లైట్‌హౌస్ కట్టారు. రెండేళ్లకి, 1958లో, నౌకాన్‌ని ఖాళీ చేయించారు. వాలు మీద కొత్త ఇళ్లు కట్టడం కష్టం, సరుకులు చేర్చడం కష్టం అన్నారు. అమెరికా మరీ దగ్గరవడమే అసలు కారణం అని నమ్మేవాళ్లు చాలామంది. నాకూ అలాగే అనిపిస్తుంది. అంత కష్టమైన చోట విగ్రహానికి మాత్రం సామాన్లు చేరాయి కదా!

ఊరివాళ్లు లావ్రెంతియా, ఉయెలెన్ లాంటి చోట్లకి చెదిరిపోయారు. ఎక్కువమందిని నున్యామో అనే ఊరికి పంపారు. అక్కడ వేరే భాష మాట్లాడే చుక్చీల మధ్య, తమకి తెలియని తీరంలో మళ్లీ మొదలు. నౌకాన్ యూపిక్ మాట్లాడేవాళ్లు ఇప్పుడు కొన్ని పదుల మందే మిగిలారు, వాళ్లూ పెద్దవాళ్లే. 1977లో నున్యామోని కూడా మూసేశారు. పాత ఊళ్లో రాతి గోడలు, నిలబెట్టిన తిమింగలం ఎముకలు ఇంకా ఉన్నాయి. ఫొటోల్లో చూశాను, లైట్‌హౌస్‌కి దగ్గర్లోనే.