విస్తరణ శిక్షణలో స్లైడ్ల రూపకల్పన: పాటించవలసిన మెళకువలు

లీటరు నీటికి 0.5 మి.లీ. అన్న సిఫారసు వెనుక వరుసలోని రైతుకు 5 మి.లీ.గా కనిపిస్తే మందు మోతాదు పది రెట్లు పెరుగుతుంది. కనుక స్లైడు స్పష్టత అలంకారానికి సంబంధించినది కాదు. సిఫారసు సక్రమంగా అమలు కావడానికి అది అవసరం. పరిశోధన వ్యాసాన్ని పాఠకుడు మళ్ళీ చదువుకోగలడు. స్లైడు మారిన తరువాత శ్రోతకు ఆ అవకాశం ఉండదు. అందువల్ల వ్యాసంలోని పట్టికలను యథాతథంగా తెరపై చూపడం తగదు.

ఒక స్లైడు - ఒక సందేశం: "పత్తిలో గులాబీ రంగు పురుగు యాజమాన్యం" అన్న శీర్షిక విషయాన్ని మాత్రమే తెలుపుతుంది. "లింగాకర్షక బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే నివారణ చేపట్టాలి" అన్న శీర్షిక చేయవలసిన పనిని తెలుపుతుంది. దాని కింద బుట్ట ఛాయాచిత్రం ఒక్కటి చాలు. గుడ్డి పూల ఏరివేత, పచ్చి కాయల పరిశీలన, పంట అవశేషాల తొలగింపు వంటి అంశాలకు వేర్వేరు స్లైడ్లు కేటాయించాలి.

అంకెలు: బుట్టలలో పడిన పురుగుల సంఖ్యను పట్టికగా కాక రేఖాచిత్రంగా చూపి, 8 వద్ద అడ్డగీత గీస్తే గీత దాటిన రోజులు వెంటనే తెలుస్తాయి. టి1, టి2 వంటి సంకేతాలకు బదులు చికిత్స పేరును రేఖ పక్కనే రాయాలి. సి.డి., సి.వి. విలువలు శాస్త్రవేత్తల సదస్సుకు అవసరం. రైతు శిక్షణకు అవసరం లేదు. మోతాదును అంకెలతో పాటు "అర మిల్లీలీటరు" అని అక్షరాలలో కూడా రాయాలి.

తెలుగు లిపి: ఒత్తులు, గుడులు పై కింది వరుసలకు తగలకుండా వరుసల మధ్య ఆంగ్లం కన్నా ఎక్కువ ఖాళీ ఉంచాలి. అక్షరాల పరిమాణం 24 పాయింట్లకు తగ్గకపోవడం మంచిది. యూనికోడ్ కాని ఫాంట్లతో తయారైన స్లైడ్లు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా మారతాయి. యూనికోడ్ ఫాంటు వాడి, పి.డి.ఎఫ్. ప్రతిని కూడా వెంట ఉంచుకోవాలి.

రంగులు: ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించలేనివారు కొందరు ఉంటారు. తెగులు సోకిన, సోకని మొక్కలను రంగుతోనే కాక ఆకారం లేదా పేరుతో కూడా వేరుచేయాలి. వెలుతురు ఎక్కువగా ఉండే గదులలో లేత నేపథ్యంపై ముదురు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి.

ముందస్తు పరీక్ష: శిక్షణకు ముందు స్లైడ్లను తెరపై వేసి, చివరి వరుస నుండి చదివి చూడాలి. ఆ అంశంతో పరిచయం లేని వ్యక్తికి ఒక్కొక్క స్లైడు చూపి, ఏమి చేయాలో చెప్పమని అడగాలి. సరైన సమాధానం రాని స్లైడును సవరించాలి. మందు పేరు, మోతాదు, పిచికారీ సమయం వంటి వివరాలను ముద్రిత కరపత్రంగా అందజేయాలి. రైతు పిచికారీ చేసే నాటికి చేతిలో ఉండేది కరపత్రమే గాని స్లైడు కాదు.