ఊరు అనే మాట

తెలుగువారు ఇద్దరు క్రొత్తగా కలుసుకొన్నప్పుడు పేరడుగుట మరచినా "మీదే ఊరండీ?" అని అడుగుట మరువరు. హైదరాబాదులో మేడ కట్టుకొని ముప్పది ఏండ్లుగా ఉంటున్నవారు సైతము ఈ ప్రశ్నకు తరచుగా తాతగారి పల్లె పేరే చెబుతారు. దీనినిబట్టి ఊరు అనే రెండక్షరముల మాటకు నివాసస్థలమన్న అర్థము ఒక్కటే చాలదని తెలుస్తున్నది. ఆ మాటకున్న అర్థములేమిటో, అవి ఎవరిని లోపలికి పిలిచినవో, ఎవరిని బయట నిలిపినవో నర్సీపట్నము పరిసరములను ముందుంచుకొని కొంత విచారింతము.

నర్సీపట్నము పేరులోనే పట్నమున్నది. లంబసింగి, చింతపల్లి కొండలు దిగి వచ్చేవారికి ఇది పట్నమే. విశాఖపట్నము నుండి బస్సు దిగేవారికి ఇదే ఒక ఊరు. చుట్టుపట్ల పేర్లను చూచినా ఇట్టి తారతమ్యములే కనబడుతవి. మాకవరపాలెములోని పాలెము ఒకప్పుడు దండు విడిసిన చోటు. పెద్ద ఊరిని ఆనుకొని వెలసిన చిన్న ఊరికి కూడ ఆ పేరు చెల్లినది. కృష్ణదేవిపేటలోని పేట వర్తకులు, వృత్తులవారు చేరిన తావును తెలుపుతుంది. గూడెమనగానే కొండవారి ఇండ్లు తలపునకు వస్తవి. ఇంకను ఉత్తరమునకు పోయినచో కొత్తవలస, ఆమదాలవలస వంటి పేర్లు ఎవరో ఎచటినుండియో తరలివచ్చిన సంగతిని నేటికిని చెబుతున్నవి. కచేరి కాగితములు గ్రామమన్న ఒక్క మాటతో సరిపెట్టిన దానికి జనులు ఇన్ని పేర్లు పెట్టుకొన్నారు.

ఇక నానుడిలోనికి వత్తము. "ఊరంతా నవ్వినది" అన్నప్పుడు నవ్వినవి ఇండ్లు కావు, మనుషులు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్న సామెతలోను ఊరనగా జనమే. సంస్కృతమునుండి వచ్చిన గ్రామశబ్దమునకు సైతము సమూహమనే ప్రాచీనార్థమున్నది. గుణగ్రామము అన్నప్పుడు గుణముల సముదాయమనియే కదా అర్థము! "ఆయన ఊళ్ళో లేడు" అంటే మహానగరములో ఉండేవాడైనా సరే, ఇప్పుడు ఇంటివద్ద లేడని భావము. దేవుని ఊరంతా త్రిప్పితే అది ఊరేగింపు. మనుషుల మధ్య మసలేవి ఊరపిచ్చుక, ఊరకుక్క. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలసి ఉన్నది. "ఊరికే వచ్చినాను" అన్నప్పటి ఊరికే అనే మాట ఈ కుటుంబమునకు చెందినది కాదు. అది పని లేకుండుటను, పలుకక ఉండుటను తెలిపే ఊరక అన్న మాటనుండి వచ్చినది.

ఇంత ఆప్యాయముగా వినిపించే మాటకు ఒక ప్రహరీగోడ కూడ ఉన్నది. ఊరూ వాడా అనే జంటపదమును మనము అలవాటుగా వాడుతూ, అందులో రెండు మాటలెందుకున్నవో ఆలోచింపము. ఊరనగా తక్కిన కులములవారి ఇండ్లు; వాడ అనగా ఊరి వెలుపల ఉంచబడినవారి ఇండ్లు. ఊరి పొలము దున్నినవారు, ఊరి చావులకు డప్పు కొట్టినవారు ఊరన్న మాటలో చేరలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు తమ నవలకు "మాలపల్లి" అని పేరు పెట్టి, ఊరి అంచున ఉన్నదానిని గ్రంథమునకు నడుమ నిలిపినారు.

నగరవాసులు మరియొక గోడ కట్టినారు. నగరమునుండి నాగరికత పుట్టినది. గ్రామమునుండి గ్రామ్యము పుట్టినది. వాడుకభాషలో వ్రాయవలెనని వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారిని, వారి అనుయాయులను ప్రతిపక్షులు గ్రామ్యవాదులని ఎత్తిపొడిచినారు. "పల్లెటూరి బైతు" అన్నది పండితులు కానివారి ఎత్తిపొడుపు. ఈ దోషము మనకే పరిమితము కాదు. సినిమాలలో మనకు పరిచితుడైన విలన్ అనే మాట, లాటినులో పల్లె భవంతిని తెలిపే విల్లా అనే శబ్దమునుండి, అక్కడి పొలములో పనిచేసే వాని పేరుగా పుట్టినది. సేద్యగాడు క్రమముగా దుష్టుడైనాడు! కాని మాటలు ఎప్పుడును ఒకే దిక్కునకు నడువవు. నేటి యువకులు తమకు మిక్కిలి నచ్చిన పాటను, నటుని "ఊరమాస్" అని మెచ్చుకొంటున్నారు. ఒకప్పుడు మోటుదనమును సూచించిన ఊర అన్న ముక్క ఇప్పుడు గొప్పదనమును హెచ్చించే విశేషణమైనది.

ఎగతాళి మాటకు మనసు నొచ్చుకొంటుంది. కాగితము మీది మాటకు భూమి పోవచ్చును. నర్సీపట్నము ప్రాంతమున దీనికి మంచి నిదర్శనమున్నది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు విశాఖపట్నము ఏజెన్సీని షెడ్యూల్డు ప్రాంతముగా ప్రకటించినది. 1951లో వచ్చిన మరియొక ఉత్తర్వు కృష్ణదేవిపేట, గొలుగొండపేట, శరభూపాలపట్నము మొదలైన కొన్ని గ్రామములను పేరు పేరున అందునుండి తొలగించినది. 1955లో మరికొన్ని అగ్రహారములు తొలగినవి. తరువాత 1959 నాటి భూబదిలీ నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డు ప్రాంతములోని భూమి గిరిజనులకు, వారి సహకార సంఘములకు తప్ప ఇతరులకు బదిలీ కారాదని శాసించినారు. జనులు 1/70 అని పిలిచేది దీనినే. గీతకు లోపలి గూడెమునకు ఈ రక్ష ఉన్నది. వెలుపలి గూడెమునకు లేదు. రెండు గూడెములలోను ఉండేది ఒకే తెగవారు కావచ్చును, వారి మధ్య వియ్యములు కూడ ఉండవచ్చును. గొలుగొండ, నాతవరము, రోలుగుంట మండలములలోని గిరిజనులు తమ ఊళ్ళను షెడ్యూలులో చేర్చవలెనని కోరుట ఇందువలననే. వారు కోరుతున్నది క్రొత్త ఊరు కాదు, ఉన్న ఊరికి కాగితము మీద సరియైన అర్థము.

ఈ గీతల విచిత్రము కృష్ణదేవిపేటలో కన్నులకు కడుతుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి తరువాత ముట్టడించిన ఠాణా అచటిదే. 1924 మే నెలలో ఆయన మరణించిన పిమ్మట సమాధి వెలసినదియు అచటనే. మన్యపు ప్రజలకై పోరాడినవాని సమాధి ఉన్న ఊరు షెడ్యూల్డు ప్రాంతమునుండి తప్పినది. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు చింతపల్లి ఆయన పేరిట ఏర్పడిన జిల్లాలో చేరగా, కృష్ణదేవిపేట నర్సీపట్నముతో పాటు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయినది. ఆ ఊరివారిని మీదే ఊరని అడిగితే షెడ్యూలు గాని, జిల్లా గాని చెప్పరు; సీతారామరాజుగారి సమాధి ఉన్న ఊరని చెబుతారు.

నిఘంటువు ఊరికి ఒక అర్థమిచ్చినది, కచేరి ఒక అర్థమిచ్చినది, నగరము ఒక అర్థమిచ్చినది. ఇవన్నియు బయటినుండి ఇచ్చినవి. "మాది ఫలానా ఊరు" అని పలికేవాడు "మాది" అన్న మాటతో ఇచ్చుకొనే అర్థము తక్కినవానికంటె పాతది. వాడలోనివాడు, గూడెములోనివాడు కూడ జంకు లేకుండ, కాగితము వెదుకనక్కర లేకుండ ఆ మాట అనగలిగిననాడు ఊరు అనే మాట తన పూర్తి అర్థమును పొందుతుంది.