పసిబిడ్డల నెత్తుటిలోని పోరు

పసిబిడ్డల యతిసారము దంతములు మొలచుటవలననో దృష్టిదోషమువలననో కలుగునని తలంచు తల్లులు నేటికిని గలరు. దాని ముఖ్యకారణములలో నొకటి రోటావైరసు. 1973లో మెల్బోర్ను నగరమున రూత్ బిషప్ అను విదుషి సహచరులతో గూడి రోగులైన బిడ్డల ప్రేగుపొరలో దీనిని కనుగొనెను.

ఇది ప్రేగు దాటదని వైద్యులు చిరకాలము తలంచిరి. కాని 2003లో బిడ్డల రక్తమునందును దీని జాడ కనబడెను. అంతట శరీర మూరకుండదు. తెల్లకణములలో నొక తెగ ప్రతిరక్షకములను పుట్టించును. అవి క్రిమిని చుట్టి పట్టుకొనగా భక్షకకణములు మ్రింగివేయును. వేఱొక తెగ, క్రిమి చొచ్చిన మన కణములనే వెదకి చంపును. ఎలుకకై యింటికి నిప్పుపెట్టుట వంటిదే యైనను, ఇచట నది తప్పదు.

ఈ పోరునకు కొన్నిదినములు పట్టును. ఆలోపల బిడ్డకు ప్రాణాపాయము తెచ్చునది ఒడలినీరు హరించుటయే. విరేచనములు హెచ్చునని చన్ను మాన్పించుట, నీరీయకుండుట ఘోరము. తల్లిపాలలోని ప్రతిరక్షకములు ప్రేగునకు కావలియుండును. పాలతోపాటు ఓ.ఆర్.యస్. నీటిని చెంచాతో మాటిమాటికి పట్టవలెను. కన్నులు లోతుకుపోయినను, మూత్రము తగ్గినను, మగత క్రమ్మినను క్షణ మాలస్యము సేయక వైద్యునికడకు గొనిపోవలెను.

ఈ క్రిమికి నోటిచుక్కల టీకా గలదు. 2016 మొదలు ఆంధ్రప్రదేశమున 6, 10, 14 వారముల వయసున నుచితముగా వేయుచున్నారు. "ఇంత పసిదానికి మందేల?" యను ముత్తవలను మెల్లగా నొప్పింపుడు.