జీపులో హోరు: ముందు కన్నాలు, ఆ తర్వాతే షీట్లు

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. థార్ లాంటి బండి చౌటుప్పల్ దాటి వంద అందుకుందంటే వెనక సీట్లో వాళ్లకు వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. పాటల సౌండ్ పెరుగుతుంది, ఫోన్లో అవతలివాళ్లు ‘వినపడట్లేదు’ అంటారు. యాక్సెసరీస్ షాపులో అడిగితే వెంటనే వచ్చే సలహా ఒకటే: తలుపులకు, నేలకు, పైకప్పుకు డ్యాంపింగ్ షీట్లు వేయించమని. షీట్లు దండగని కాదు. కానీ లెక్క వేసి చూస్తే వాటి వంతు చివర్న వస్తుంది. ముందు చేయాల్సిన పనుల్లో చాలావాటికి పెద్దగా ఖర్చే లేదు.

డెసిబెల్ కూడికలు వేరు

చప్పుడును కొలిచే డెసిబెల్ మామూలు అంకెల్లా కూడదు. 70 డెసిబెల్స్ రొద చేసే మోటారు పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే 140 కాదు, 73 అవుతుంది. శబ్దశక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 70 పక్కన 60 పెడితే మొత్తం 70.4. అంటే ఆ 60ని పూర్తిగా నోరు మూయించినా మనకు దక్కేది 0.4 డెసిబెల్.

చెవి లెక్క కూడా తెలుసుకోవాలి. 1 డెసిబెల్ తేడాను చాలామంది పసిగట్టలేరు. 3 తగ్గితే ‘కాస్త నయం’ అనిపిస్తుంది. చప్పుడు సగమైందని చెవి ఒప్పుకోవాలంటే దాదాపు 10 తగ్గాలి.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మామూలు సెడాన్ కారు లోపల సాధారణంగా 65 నుంచి 70 డెసిబెల్స్ దాకా ఉంటుంది. నిటారు అద్దం, పెట్టెలాంటి బాడీ, గరుకు టైర్లు ఉన్న ఆఫ్‌రోడ్ బండిలో అది 70 దాటి పోతుంది. మీటరు దూరంలో కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడితే మన చెవికి చేరేది 60 డెసిబెల్స్ దరిదాపుల్లోనే. అందుకే అరవాల్సి వస్తుంది.

ఒక బండి పద్దు

లెక్క కోసం ఒక బండిని ఊహించుకుందాం. వంద వేగంలో లోపలికి చేరే గాలి హోరు 72, టైర్ల రొద 70, ఇంజిన్ మోత 65 డెసిబెల్స్ అనుకుందాం. మూడూ కలిపితే 74.6.

ఇంజిన్ మోతను పూర్తిగా తుడిచేసినా మొత్తం 74.1 దగ్గరే ఆగుతుంది. బానెట్ కింద ఖరీదైన పరుపు పరిస్తే దక్కే లాభం గరిష్ఠంగా ఆ అర డెసిబెల్లే. గాలి హోరు ఒక్కటే 5 డెసిబెల్స్ తగ్గిస్తే మొత్తం 72.6కు దిగుతుంది, లాభం 2. టైర్ల రొద ఒక్కటే 5 తగ్గిస్తే లాభం 1.2. రెండూ చెరో 5 తగ్గిస్తే మాత్రం మొత్తం 70.5. లాభం 4.1, అంటే విడివిడి లాభాలు కలిపినదానికంటే ఎక్కువ. పెద్దది ఒకటి మిగిలి ఉన్నంతకాలం చిన్నవాటిని తగ్గించినా కనిపించదు. ఆ పెద్దది లొంగాక ప్రతి పైసాకూ ఫలితం తెలుస్తుంది.

గాలిది ఆరో ఘాతం

గాలి హోరు శక్తి సుమారుగా వేగానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. టైర్ల రొద మూడో ఘాతం దగ్గర్లో ఉంటుంది. 80 నుంచి 100కు వెళ్లామంటే వేగం పెరిగింది 1.25 రెట్లు. గాలి హోరు శక్తి మాత్రం 3.8 రెట్లు, అంటే 5.8 డెసిబెల్స్ ఎక్కుతుంది. టైర్లది 2 రెట్లు, సుమారు 3 డెసిబెల్స్.

మన ఊహా బండిని 80కి దించి చూడండి. గాలి 66.2, టైర్లు 67, ఇంజిన్ 63 అనుకుంటే మొత్తం 70.5. పైన గాలినీ టైర్లనూ చెరో 5 తగ్గించి సాధించిన అంకె కూడా ఇదే. వంద దగ్గర గాలిదే పైచేయి, 80 దగ్గర టైర్లది. ఊళ్లో తిరిగేవాళ్లు, హైవే మీద తిరిగేవాళ్లు ఒకే బండి గురించి వేర్వేరు ఫిర్యాదులు చేయడానికి కారణం ఇదే.

ఎదురుగాలి సంగతీ ఇందులోనే ఉంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో బండి వందలో వెళితే గాలి దృష్టిలో అది 120. గాలి హోరు మరో 4.75 డెసిబెల్స్ పెరుగుతుంది. వెళ్లేటప్పుడు బాగానే ఉన్న బండి తిరుగు ప్రయాణంలో గోల చేసిందంటే తలుపు చెడిందని కంగారు పడక్కర్లేదు. గాలి ఎటు వీచిందో చూసుకుంటే చాలు.

ఎవరి గొంతో కనిపెట్టడం

చేతిలో ఫోన్ చాలు. సౌండ్ మీటర్ యాప్ చూపే అంకె నికరంగా సరైనది కాకపోవచ్చు, కానీ అదే ఫోన్ అదే చోట పెడితే ముందూ వెనకా తేడాను బాగానే పట్టిస్తుంది. డ్రైవింగ్ ఒకరు, కొలత ఇంకొకరు. అద్దాలు మూసి, ఏసీ ఫ్యాను ఆపి, గాలి లేని పూట, ఒకే రోడ్డు ముక్క మీద, ఒకే వేగంలో కొలవాలి.

నల్లటి తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే మోత మారితే అది టైర్లది. రోడ్డు మారినా మారకుండా వేగంతో పాటు ఎగబాకేది గాలిది. గేరు మార్చినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు స్వరం మారేది ఇంజిన్‌ది. గాలి అని తేలితే మాస్కింగ్ టేపు తీసుకుని తలుపు అంచులు, సైడ్ మిర్రర్ మొదళ్లు, ముందద్దం చుట్టూ, హార్డ్ టాప్ అతుకులు అన్నీ బయటి నుంచి మూసేయాలి. ఒకవైపు తలుపులు మూశాక కూర్చున్నవాళ్లు రెండోవైపు నుంచి ఎక్కాలి, ఆ వైపు మరోసారి చూసుకోవాలి. తర్వాత ఒక్కో టేపే పీకుతూ అదే రోడ్డు మీద నడపాలి. ఏ టేపు తీసినప్పుడు అంకె ఎగిరిందో దొంగ అక్కడున్నట్టు.

మిల్లీమీటరు సందు చేసే నష్టం

షీట్ల కంటే ముందు కన్నాలు ఎందుకో ఈ ఒక్క లెక్క చెబుతుంది. 1 చదరపు మీటరు తలుపు చప్పుడును 30 డెసిబెల్స్ ఆపుతుందనుకుందాం. అంటే వెయ్యి వంతుల్లో ఒక వంతు శక్తి మాత్రమే లోపలికి వస్తుంది. ఆ తలుపు రబ్బరు మీటరు పొడవునా 1 మిల్లీమీటరు ఎడమిచ్చింది. సందు వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు, అంటే తలుపులో వెయ్యో వంతు. ఆ సందులోంచి వచ్చేది, మిగతా తలుపంతా కలిపి వదిలేదీ సమానం. 30 ఆపాల్సిన తలుపు 27కు పడిపోతుంది. సందులు మొత్తం తలుపులో నూరో వంతుకు చేరితే ఆ తలుపు మీద మీరు ఎన్ని షీట్లు అంటించినా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు.

పరీక్ష చాలా తేలిక. ఒక కాగితం ముక్కను రబ్బరు బీడింగ్‌కీ తలుపుకీ మధ్య పెట్టి తలుపు వేసి లాగండి. గట్టిగా పట్టి మెల్లగా వస్తే సరే. జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదు. తలుపు చుట్టూ జానెడుకోసారి ఇలా చూస్తే ఎక్కువగా పై మూలలు, కీళ్ల వైపే దొరుకుతాయి. అరిగిన బీడింగ్ మార్చడం, తలుపు గొళ్లెం పట్టీని లోపలికి కాస్త జరిపించడం మెకానిక్‌కు చిన్న పని.

నేల సంగతి మరిచిపోవద్దు. 2020 థార్ నేలను నీళ్లతో కడగొచ్చు. నీరు పోవడానికి కింద బిరడాలుంటాయి. 25 మిల్లీమీటర్ల బిరడా ఒకటి ఊడిపోతే తెరుచుకునే కన్నం 4.9 చదరపు సెంటీమీటర్లు. 30 డెసిబెల్స్ ఆపే 2 చదరపు మీటర్ల నేలకు ఆ ఒక్క కన్నంతో సుమారు 1 డెసిబెల్ నష్టం. లైట్లకీ కెమెరాలకీ వైరు లాగడానికి వేసి, మూయకుండా వదిలేసిన కన్నాలదీ ఇదే కథ.

పైన పెట్టినవి వేసే ఈల

గాలికి అడ్డంగా గుండ్రటి కడ్డీ ఉంటే దాని వెనక సుడులు ఒకటి పైకి, ఒకటి కిందికి వరసగా విడిపోతాయి. వాటి లయను లెక్కకట్టవచ్చు: వేగాన్ని కడ్డీ మందంతో భాగించి, 0.2తో హెచ్చించాలి. వంద వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు. 25 మిల్లీమీటర్ల రూఫ్ ర్యాక్ గొట్టం 222 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుంది. 5 మిల్లీమీటర్ల యాంటెన్నా 1,100 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఈలేస్తుంది.

చాలా కార్ల యాంటెన్నాను దగ్గరగా చూస్తే దాని చుట్టూ మెలికలు తిరిగిన సన్నటి గీత కనిపిస్తుంది. అది అందం కోసం కాదు. ఆ మెలిక వల్ల సుడులు పొడవునా ఒకేసారి విడిపోవు, ఈల పుట్టదు. ర్యాక్ ముందు గొట్టానికి సన్నటి తాడును ఎడంగా మెలికలు తిప్పి బిగించి కట్టినా అదే పని జరుగుతుంది. పైన వాడని లైట్ బార్, ఖాళీ ర్యాక్ ఉంటే విప్పేయడం అంతకంటే మేలు.

టైర్లు

18 అంగుళాల థార్ టైరు కొలత 255/65. చుట్టుకొలత సుమారు 2.48 మీటర్లు. వంద వేగంలో సెకనుకు 11 చుట్లు పైనే తిరుగుతుంది. మడ్ టైరుకు చుట్టూ 40 పెద్ద దిమ్మలున్నాయనుకుంటే సెకనుకు 450 దెబ్బలు రోడ్డుకు తగులుతాయి. ఆ మూలుగు అదే. దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటే ఒకే స్వరం మోగుతుందని కంపెనీలు వాటి పొడవుల్లో కావాలనే హెచ్చుతగ్గులు పెడతాయి. మడ్ టైర్లలో దిమ్మలు పెద్దవి, సందులు వెడల్పు. అందుకే అక్కడ ఈ కిటుకు అంతగా పారదు.

బురదలో దిగేది ఏడాదికి రెండు మూడుసార్లే అయితే మడ్ టైర్లు వద్దు, ఆల్ టెరైన్ చాలు. ఎప్పుడూ తారు రోడ్డే అయితే హైవే టైర్లే మేలు. ఐరోపా టైరు లేబుల్ మీద కనిపించే డెసిబెల్ అంకె బయట నిలబడ్డవాళ్లకు వినిపించే చప్పుడు కొలత, లోపలిది కాదు. ఉన్న టైర్లనే కాపాడుకోవాలంటే తలుపు ఫ్రేమ్ మీది స్టిక్కర్ చెప్పినంతే గాలి పెట్టించి, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్పించాలి. దిమ్మల అంచులు రంపపు పళ్లలా అరిగాక ఏ షీటూ ఆ రొదను దాచలేదు.

పైకప్పు, షీట్లు

చప్పుడును ఆపేది ముఖ్యంగా బరువు. 1,000 హెర్ట్జ్ దగ్గర లెక్క ప్రకారం చదరపు మీటరుకు కిలో తూగే గుడ్డ టాప్ 13 డెసిబెల్స్ ఆపుతుంది. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు 29, 4 మిల్లీమీటర్ల గాజు 33 ఆపుతాయి. గుడ్డకూ రేకుకూ తేడా 16 డెసిబెల్స్, అంటే శక్తిలో 40 రెట్లు. గుడ్డ టాప్ బండిలో నేలకు షీట్లు వేయించడం కిటికీ తెరిచి గోడకు సున్నం కొట్టడమే. 125 హెర్ట్జ్ దగ్గర ఆ రేకు కూడా ఆపేది 11 మాత్రమే. బొంగురు మోత దేన్నుంచైనా దూరిపోతుంది.

షీట్లు మూడు రకాలు, మూడు పనులు. బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు రేకు మోగడాన్ని ఆపుతుంది. తలుపు రేకును వేలి కణుపుతో కొడితే టంగుమంటే అక్కడ అవసరం, థప్పుమంటే అక్కర్లేదు. రేకు నడిమి భాగంలో పావు వంతు మేర అంటిస్తే చాలావరకు పని జరిగిపోతుంది. మొత్తం కప్పి చదరపు మీటరుకు 3 కిలోలు పెంచినా బరువు వల్ల వచ్చే అదనపు లాభం 3.4 డెసిబెల్స్ మించదు. ఫోమ్ పీల్చుకునేది సన్నటి స్వరాలనే. 1,000 హెర్ట్జ్ తరంగం 34 సెంటీమీటర్లు, దాన్ని బాగా పీల్చాలంటే అందులో పావు, అంటే 8.5 సెంటీమీటర్ల మందం కావాలి. 1 సెంటీమీటరు ఫోమ్ సుస్సుమనే చప్పుడుకు తప్ప బొంగురు మోతకు పనికిరాదు. మూడోది బరువైన వినైల్. చదరపు మీటరుకు 5 కిలోలు. నేల మీద, కింద ఫోమ్‌తో, ఎక్కడా కోతలు లేకుండా పరిస్తేనే దాని విలువ.

కొనేముందు రెండు జాగ్రత్తలు. బిల్డింగ్ కప్పులకు వాడే తారు షీట్లు చవకే కానీ మే నెల ఎండలో మెత్తబడి వాసనొస్తాయి, బ్యూటైలే అడగండి. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలు మాత్రం మూయనివ్వొద్దు, నీరు నిలిస్తే రేకు తుప్పు పడుతుంది. నేలకు నీరు పీల్చని ఫోమే వాడాలి.

ఖర్చు ఏ వరసలో?

ముందు కొలత, టేపు పరీక్ష. తర్వాత కన్నాలు, బీడింగ్, ర్యాక్. టైర్లు అరిగి మార్చాల్సిన రోజున సరైన రకం. గుడ్డ టాప్ ఉంటే ఆ తర్వాత హార్డ్ టాప్ ఆలోచన. చివర్న, టంగుమనే చోట మాత్రమే షీట్లు. ఇవేవీ వద్దనుకుంటే వేగం ఉండనే ఉంది: విజయవాడ దాకా ఆగకుండా వందలో 2 గంటల 45 నిమిషాలు, 80లో 3 గంటల 26 నిమిషాలు. మన ఊహా బండిలో 4 డెసిబెల్స్ ఖరీదు 41 నిమిషాలు.

షాపులో ఎంతో తగ్గుతుందని హామీ ఇస్తే వేయించే ముందూ వేయించాకా ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో, మీ ఫోన్‌తోనే కొలిచి చూపించమనండి. తేడా 3 డెసిబెల్స్ లోపే ఉంటే బండికి బరువు పెరిగిందే తప్ప మీ చెవికి ఒరిగిందేమీ లేదు.